స్టూడియోలో ఫొటో తీయబోయే ముందు

క్షేత్రపర్యటనకు వెళ్ళే మన విద్యార్థులు పాటలు, కథలు, మాటల జాబితాలు సేకరించటంతో ఆగటం లేదు. పెద్దవాళ్ళ ముఖచిత్రాలు, ఇళ్ళల్లో తరతరాలుగా వస్తున్న వస్తువుల ఫొటోలు కూడా తీసుకువస్తున్నారు. ఇది మంచి పరిణామం. తెలుగునేల విడిచి ఎన్నో తరాల కిందట హోసూరు ప్రాంతానికో, బరంపురానికో, షోలాపూరుకో చేరిన కుటుంబాల చరిత్ర కాగితాల మీద తక్కువ, ముఖాల మీదా వస్తువుల మీదా ఎక్కువ. అయితే ముఖచిత్రం చక్కగా రావాలంటే వెలుతురు మన చేతిలో ఉండాలి. అందుకని ఒక ఇంటి ముందుగదినో, బడి గదినో, సంఘభవనంలో ఒక మూలనో తాత్కాలికంగా స్టూడియోగా మారుస్తాం. వెనక తెర కడతాం, రెండు లైట్లు నిలబెడతాం, వైర్లు లాగుతాం. ఆ గది అంతకుముందు లేని కొన్ని ప్రమాదాలకు నెలవవుతుంది. వాటిని గురించి చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ణి, ఫొటోగ్రాఫర్ని కాను. అయినా ఈ విషయం రాయటానికి ఒక కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం హోసూరు దగ్గర ఒక పల్లెలో మేము ఒక అవ్వను ఫొటో తీయటానికి ఏర్పాట్లు చేశాం. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, పక్కగా ఎత్తయిన స్టాండు మీద లైటు పెట్టాం. కెమెరా దగ్గర నేనే ఉన్నాను. ఆకూ వక్కా సంచి లోపల మరిచానని ఆమె లేచి రెండడుగులు వేసిందో లేదో, మా విద్యార్థి కాలు వైరుకు తగిలి స్టాండు లైటుతో సహా కుర్చీ మీద పడింది. కుర్చీ చెయ్యి విరిగింది. అవ్వ వెనక్కి తిరిగి చూసి, “ఏమయ్యా, పటం తీస్తామని వచ్చి తల తీసేటట్టున్నారే!” అన్నది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ వైరు నేల మీద అడ్డంగా ఉన్న సంగతి నాకు తెలియదు. నా కన్ను కెమెరాలో ఉంది.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఫొటో తీసే మనిషి చట్రంలో ఉన్నదాన్నే చూస్తాడు; కాబట్టి గదిని చూసే మనిషి వేరుగా ఒకరు ఉండాలి. ఆ మనిషి కెమెరా ముట్టుకోకూడదు, లైట్లు సవరించకూడదు, మాటలు రాసుకోకూడదు. గదిని కనిపెట్టి ఉండటమే అతని పని. మీ బృందంలో ముగ్గురే ఉన్నా, ఒకరిని ఇందుకు కేటాయించండి. ఇద్దరే ఉంటే ఆ ఇంటివాళ్ళలో ఒకరిని అడగండి, సంతోషంగా ఒప్పుకుంటారు.

కాలంతో మారిన ప్రమాదం

స్టూడియోలో ప్రమాదం కొత్తది కాదు. 1851లో వచ్చిన తడి కొలోడియన్ పద్ధతిలో గాజుపలకను ఈథరు, ఆల్కహాలు కలిసిన ద్రవంతో తడిపేవాళ్ళు. ఆ ఆవిరికి నిప్పు తగిలితే భగ్గుమనేది. బొమ్మను స్థిరపరచటానికి కొందరు వాడిన పొటాసియం సయనైడు ప్రాణాంతకమైన విషం. మన సికిందరాబాదులో రాజా దీన్‌దయాళ్ స్టూడియో నడిపిన పందొమ్మిదో శతాబ్ది చివరి రోజుల్లోనే, 1887లో, జర్మనీలో మెగ్నీషియంతో చేసిన మెరుపుపొడి వచ్చింది. చీకట్లో ఫొటో తీయటం దానివల్ల సులువైంది గాని, ఆ పొడి పేలి ఫొటోగ్రాఫర్లు గాయపడటం, మరణించటం కూడా జరిగింది. 1930 ప్రాంతాల గాజు బల్బులో మూసి ఉంచిన మెరుపు రావటంతో పొడి క్రమంగా వెనకబడింది. ఆ తరవాత ఎలక్ట్రానిక్ ఫ్లాష్ వచ్చింది. ఇప్పుడు ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాయి.

విషమూ, పొడీ పోయాయి. మిగిలినవి నేల, కరెంటు, బరువు, వేడి. ఇవి చూడటానికి మామూలు విషయాలు. అందుకే వీటిని ఎవరూ పట్టించుకోరు. ఫొటో దిగవలసిన మనిషి రావటానికి కనీసం ఒక గంట ముందు గదికి చేరి, ఈ వరసలోనే చూసుకుంటూ పోవాలి.

మొదట నేల

మన ఇళ్ళల్లో అతిథులు వస్తున్నారంటే నేల తడిగుడ్డతో తుడుస్తారు. ఇంట్లోకి చెప్పులు వేసుకుని రారు. ఈ రెండూ మర్యాదలే. కాని తడినేల మీద ఉత్తకాళ్ళతో నిలబడిన మనిషికి కరెంటు తగిలితే దెబ్బ చాలా తీవ్రంగా ఉంటుంది. పొడి చర్మం, రబ్బరు చెప్పు కరెంటుకు కొంత అడ్డు. తడికాలు అడ్డుకాదు, దారి. కాబట్టి నేల పూర్తిగా ఆరేవరకు ఒక్క ప్లగ్గు కూడా పెట్టవద్దు. ఇంట్లోకి చెప్పులతో రావటం తప్పనుకుంటే, ఆ పనికోసమే ఒక జత కొత్త రబ్బరు చెప్పులు వెంట తీసుకువెళ్ళి, ఇంటివాళ్ళ అనుమతి అడిగి, లైట్లు సవరించే విద్యార్థి వేసుకోవాలి. అడిగితే కాదనేవాళ్ళు అరుదు. యానాం, బరంపురం వంటి తీరప్రాంతాల్లో వానాకాలం గోడలు కూడా చెమ్మగిల్లి ఉంటాయి. అక్కడ మరింత జాగ్రత్త అవసరం.

వైర్లు గది మధ్యనుంచి పోకూడదు. గోడవారగా లాగి, తప్పనిసరిగా దాటవలసినచోట వెడల్పాటి గుడ్డటేపు వైరు పొడవునా అతికించాలి. అక్కడక్కడా చిన్న ముక్కలు అంటించటం చాలదు. ముక్కకూ ముక్కకూ మధ్య లేచిన వైరే కాలికి తగులుతుంది. చాప కింద వైరు దాచటం ఇంకా తప్పు. కనపడదు గనక అందరూ తొక్కుతారు, నలిగి లోపలి తీగ బయటపడినా తెలియదు. ఫొటో దిగే మనిషి వాకిలినుంచి కుర్చీదాకా నడిచే దారిలో అసలు వైరే ఉండకూడదు. ఆ దారి మీరే ఒకసారి నడిచి చూడండి.

తరవాత కరెంటు

మన దేశంలో ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. గోడకున్న చిన్న సాకెట్టు సాధారణంగా 6 ఆంపియర్లది, పెద్దది 16 ఆంపియర్లది. వోల్టులను ఆంపియర్లతో హెచ్చిస్తే వాట్లు వస్తాయి. అంటే చిన్న సాకెట్టు మోయగలిగింది సుమారు 1380 వాట్లు, పెద్దది 3680 వాట్లు. అద్దెకు తెచ్చే పాత లైట్లలో ఒక్కొక్కటి 1000 వాట్ల హలోజన్ బల్బు ఉండవచ్చు. అటువంటివి రెండు ఒకే చిన్న సాకెట్టుకు ఎక్స్‌టెన్షన్ బోర్డుతో తగిలిస్తే 2000 వాట్లు అవుతాయి, దాదాపు 8.7 ఆంపియర్లు. సాకెట్టు వేడెక్కుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది, కాలిన వాసన వస్తుంది. అదే 100 వాట్ల ఎల్.ఇ.డి. లైటు అర ఆంపియరైనా తీసుకోదు. వీలైనంతవరకు ఎల్.ఇ.డి. లైట్లే తెచ్చుకోవటం మేలు.

పాత ఇళ్ళల్లో ఇల్లంతటికీ ఒకటే సన్నని తీగ ఉండటం కద్దు. మీ లైట్లు వేయగానే ఫ్యూజు పోతే, ఆ ఇల్లు మీకు చెబుతున్నది ఒకటే: నేను మోయలేను అని. ఫ్యూజు స్థానంలో లావు తీగ చుట్టటం ఆ మాట నోరు నొక్కటమే. లైటు తగ్గించాలి గాని తీగ లావు చేయకూడదు.

ప్లగ్గు లేని వైరు కొసలు ఒలిచి అగ్గిపుల్లలతో సాకెట్లో గుచ్చే అలవాటు మన ఊళ్ళల్లో ఇంకా పోలేదు. మీరు ఎన్నడూ ఆ పని చేయవద్దు. మూడు పిన్నుల ప్లగ్గులో పైపిన్ను మిగతా రెండింటికన్నా పొడవుగా, లావుగా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? అది ఎర్త్ పిన్ను. ప్లగ్గు పెట్టేటప్పుడు అందరికన్నా ముందు తగలాలి, తీసేటప్పుడు అందరికన్నా ఆఖరున విడిపోవాలి. లైటులో ఎక్కడో తీగ తెగి లోహపు ఒంటికి తాకితే, ఆ కరెంటు మనిషిగుండా పోకుండా ఎర్త్‌గుండా భూమిలోకి పోవటానికి ఆ ఏర్పాటు. ఆ పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్లో పెట్టారంటే, ఆ దారి మూసేసినట్టే. ఇంట్లో ఆర్.సి.సి.బి. ఉందేమో కూడా అడిగి తెలుసుకోండి. 30 మిల్లీ ఆంపియర్ల మేరకు కరెంటు దారితప్పినా రెప్పపాటులో సరఫరా నిలిపివేసే పరికరం అది. దాని మీద ఉండే పరీక్ష బొత్తాం నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే అది పనిచేయటం లేదని అర్థం.

మరో రెండు విషయాలు. చుట్టలో ఉన్న పొడుగు వైరును పూర్తిగా విప్పిన తరవాతే వాడాలి. చుట్టలో ఉండగా పెద్ద లైటు వెలిగిస్తే లోపలి వేడి బయటికి పోలేక వైరు కరిగిపోతుంది. ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను ఎట్టి పరిస్థితిలోనూ విప్పి చూడవద్దు. దాని లోపలి కెపాసిటర్‌లో వందల వోల్టుల విద్యుత్తు నిలవ ఉంటుంది. స్విచ్చి ఆపినా, బ్యాటరీ తీసినా అది వెంటనే ఖాళీ కాదు.

బరువు, ఎత్తు

లైటు స్టాండు మూడుకాళ్ళ కొంగ. కాళ్ళు ఎంత విప్పితే అంత స్థిరం. చోటు చాలలేదని కాళ్ళు ముడిచి నిలబెట్టినదే పడుతుంది. లైటు ఏ వైపుకు వాలి ఉందో, ఒక కాలు ఆ వైపుకే ఉండాలి. ప్రతి స్టాండు కాళ్ళ మీద ఒక ఇసుకసంచి పెట్టాలి. అంగడిలో కొననక్కరలేదు. గట్టిగుడ్డతో కుట్టిన సంచిలో నాలుగైదు కిలోల ఇసుక పోసి మూతి బిగిస్తే చాలు. హోసూరు దగ్గర మేము వేయనిది ఆ సంచే. తెర కట్టిన కర్రకూ ఇదే సూత్రం. తెర గాలికి తెరచాపలా పనిచేస్తుంది, కిటికీ తీసి ఉంటే ఇంకా త్వరగా పడుతుంది.

మన గదుల్లో ఇంకొక ప్రమాదం తలమీద ఉంటుంది. అదే సీలింగు ఫ్యాను. స్టాండు పైకి లేపే విద్యార్థి కింద మర బిగించటం మీద దృష్టి పెడతాడు; పైన తిరుగుతున్న ఫ్యాను చూడడు. లైట్లు సవరించేంతవరకు ఫ్యాను ఆపి, స్విచ్చి మీద కాగితం అంటించాలి. ఎవరో ఉక్కపోస్తున్నదని వేస్తారు గనక. ఎత్తు అందకపోతే నిచ్చెన వేసుకోండి. కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కవద్దు.

వేడి, నిప్పు

హలోజన్ బల్బు గాజు 250 డిగ్రీల సెల్సియస్ దాటితే గాని సరిగా పనిచేయదు. దాన్ని ఆర్పిన తరవాత కూడా చాలాసేపు చేయి కాలుతుంది. చల్లారిన బల్బునైనా ఉత్తచేత్తో పట్టుకోకూడదు. వేలి జిడ్డు అంటినచోట వేడి ఒకేచోట పోగై బల్బు పగలవచ్చు. పొడిగుడ్డతోనో, దాని సంచితోనో పట్టుకోవాలి. వెలుతురు మెత్తబడటానికి లైటు ముందు కాగితమో, పంచె గుడ్డో కట్టే అలవాటు ఉంది. హలోజన్‌కు దగ్గరగా కట్టిన గుడ్డ మాడటానికి నిమిషాలు చాలు.

మరొక సంగతి కొంచెం సంకోచంతో చెబుతున్నాను. కొత్త పని మొదలుపెట్టేటప్పుడు కొబ్బరికాయ కొట్టి కర్పూరం వెలిగించటం మన ఆనవాయితీ. కెమెరాకు కూడా హారతి ఇస్తారు. ఆ నమ్మకాన్ని నేను ప్రశ్నించటం లేదు. అయితే కాగితపు తెరకు జానెడు దూరాన కర్పూరం వెలగటం, ఎక్స్‌టెన్షన్ బోర్డు పక్కన కొబ్బరినీళ్ళు చిందటం నేను స్వయంగా చూశాను. పూజ వాకిట్లో చేసుకుని, చేతులు తుడుచుకుని, అప్పుడు గదిలోకి రండి. దేవుడు ఏమీ అనుకోడు.

ఎల్.ఇ.డి. లైట్లతో వేడి తగ్గింది గాని, వాటికి వాడే లిథియం బ్యాటరీలతో ఇంకో జాగ్రత్త వచ్చి చేరింది. ఉబ్బిన బ్యాటరీని వాడకూడదు, చార్జి చేయకూడదు. పరుపుమీదో, గుడ్డలమధ్యో పెట్టి రాత్రంతా చార్జి చేయవద్దు. గట్టినేలమీద, మనిషి మెలకువగా ఉన్నప్పుడే చేయాలి. గదిలో ఒక బక్కెట్టు పొడి ఇసుక, వీలుంటే కార్బన్ డయాక్సైడు నిప్పార్పే సిలిండరు ఉంచుకోవాలి. కరెంటు నిప్పు మీద నీళ్ళు పోయటమంటే ఇంకొకరిని ప్రమాదంలోకి నెట్టటమే.

ఎదుట కూర్చున్న మనిషి

ఇంతవరకు చెప్పింది వస్తువుల సంగతి. మన ఎదుట కూర్చునేవాళ్ళు చాలామంది డెబ్బయి, ఎనభై దాటినవాళ్ళు. మన మీద గౌరవంతో వాళ్ళు బాధ చెప్పుకోరు. వేడిలో గంటసేపు కదలకుండా కూర్చుని, లేవగానే కళ్ళు తిరిగి పడిపోయే అవకాశం ఉంది. పావుగంటకు ఒకసారి లైట్లు ఆపి, మంచినీళ్ళిచ్చి, లేచేటప్పుడు చేయి ఆసరా ఇవ్వండి. కుర్చీకి చేతులు, వెనక ఆనుకోవటానికి వీపు ఉండాలి. చక్రాల కుర్చీ, ముక్కాలిపీట వద్దు.

ఫ్లాష్ వేయబోయే ముందు ఒకసారి వెలిగించి చూపించండి. వాళ్ళింట్లో ఏ వరసతో పిలుస్తారో ఆ వరసతోనే పిలిచి, “ఇప్పుడు మెరుపు వస్తుంది” అని చెప్పండి. మూర్ఛవ్యాధి ఉందేమో ముందే, నలుగురిలో కాకుండా, నెమ్మదిగా అడగాలి. మూర్ఛ ఉన్నవాళ్ళలో కొద్దిమందికి వెంటవెంటనే మెరిసే వెలుగు మూర్ఛ తెప్పిస్తుంది. సెకనుకు 3నుంచి 30 సార్లు మెరిసే వెలుగుతో ఈ ప్రమాదం ఎక్కువ. అటువంటివాళ్ళను కిటికీ వెలుతురులో తీయటమే మంచిది. పసిపిల్లల కళ్ళకు దగ్గరగా ఫ్లాష్ పెట్టవద్దు.

మాట కూడా రక్షణే

ఇక నా విషయానికి వస్తాను. మన బృందాల్లో తెలుగువాళ్ళతోపాటు కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ ఇంటిభాషగా ఉన్న మిత్రులు ఉంటారు. ప్రమాదం వచ్చినప్పుడు మనిషి నోటినుంచి ఇంటిభాషే వస్తుంది. తెలుగు విద్యార్థి “ఆగు!” అని అరుస్తాడు. కాని కన్నడంలో ‘ఆగు’ అంటే అవటం, జరగటం. తమిళంలోనూ అంతే. మన పాత తెలుగులోని ‘అగు’, నేటి ‘అవు’ వాటికి చుట్టాలు. కదలకుండా నిలిచిపో అనే అర్థం తెలుగు ‘ఆగు’కే ఉంది. స్టాండు లాగుతున్న కన్నడ మిత్రుడికి ఆ మాట వినిపిస్తుంది గాని, ఆగాలని తట్టదు.

అలాగే మరాఠీ, ఒడియా మిత్రులు ‘సావధాన్’ అంటే ప్రమాదముంది, జాగ్రత్త అని. మన తెలుగులో ‘సావధానంగా’ అంటే తొందరలేకుండా, నిదానంగా అని. షోలాపూరులో అది విన్న కొత్త తెలుగు విద్యార్థి నిదానంగానే అడుగు ముందుకు వేయవచ్చు. మాట ఒకటే, ఇద్దరి కాళ్ళూ రెండు రకాలుగా కదులుతాయి.

కాబట్టి పని మొదలుకాకముందే బృందమంతా కూడి, నిలిపివేయటానికి ఒకే మాట నిర్ణయించుకోవాలి. ‘స్టాప్’ అనే మాట అందరికీ తెలుసు, అదే పెట్టుకోండి. తెలుగు పీఠంలో ఉంటూ ఇంగ్లీషు మాట వాడమంటున్నానేమిటని అనుకోవచ్చు. భాషాభిమానం చూపటానికి మనకు మిగతా రోజంతా ఉంది. ఆ క్షణంలో మాట పని ఒక్కటే, చేతిని ఆపటం. మాటతోపాటు చేయి పైకెత్తటం కూడా సంకేతంగా పెట్టుకోండి. గదిని చూసే మనిషి ఆ మాట అంటే, ఎంత మంచి ఫొటో చేజారుతున్నా అందరూ ఆగాలి. ప్రొఫెసరు కూడా ఆగాలి.

జరగరానిది జరిగితే

ఎవరికైనా కరెంటు తగిలితే మనిషిని ముట్టుకోకూడదు. ముందు మెయిన్ స్విచ్చి ఆపాలి. అందుకే గదిలోకి రాగానే అది ఎక్కడుందో తెలుసుకోవాలి. ఆపటం కుదరకపోతే, పొడిగా ఉన్నదాని మీద నిలబడి పొడి కర్రతో వైరును తొలగించాలి. ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీమీద నొక్కటం మొదలుపెట్టి, ఇంకొకరు ఫోను చేయాలి. ఈ నొక్కే పద్ధతి ప్రథమ చికిత్స శిక్షణలో ఒకపూటలో నేర్పుతారు. మీలో ఇద్దరైనా నేర్చుకుని ఉండాలి. కాలినచోట ఇరవై నిమిషాలు ధారగా చన్నీళ్ళు పోయాలి. పేస్టు, సిరా, పసుపు, మంచుగడ్డ పెట్టవద్దు. అంబులెన్సుకు 108. హైదరాబాదులో 2005లో మొదలైన ఈ సేవ ఇప్పుడు కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రల్లోనూ ఉంది. అగ్నిమాపక దళానికి 101. ఏ అవసరానికైనా దేశమంతటా 112. ఊరి పేరు, వీధి పేరు, ఇంటి గుర్తు స్థానిక భాషలో చెప్పగలిగే మనిషి ఎవరో ముందే చూసుకోండి.

ఇదంతా చదివి, ఒక్క ఫొటోకు ఇంత తతంగమా అనిపించవచ్చు. అలవాటైతే అరగంట పని. ఆ పల్లెకు మేము తరవాత నెలలో మళ్ళీ వెళ్ళాం, కొత్త కుర్చీతో, నాలుగు ఇసుకసంచులతో. అవ్వ సంచులను చూసి, అవేమిటని అడిగింది. మీ తలకు కాపలా అని మా విద్యార్థిని చెప్పింది. ఆ మాటకు ఆమె నవ్విన నవ్వే ఫొటోలో వచ్చింది.